ఆరాధన నడిపించువారి చదువు

ఆదివారమునాడు దేవాలయమున ఒకటి రెండు గంటలసేపు జరుగు క్రైస్తవారాధనను దూరమునుండి చూచువారికి, దానిని నడిపించుట పెద్ద విద్యగా తోచదు. ఒకరు లేచి ప్రార్థింతురు, అందరును పాడుదురు, బైబిలునుండి ఒక భాగము చదువుదురు, కాపరి ప్రసంగించును, ఆశీర్వాదముతో సభ ముగియును. కంఠము బాగుండి నాలుగు మాటలు తడబడక చెప్పగలవారెవరైనను ఈ పనికి చాలుదురని అనేకుల అభిప్రాయము. అయినను కొన్ని దేశములలో విశ్వవిద్యాలయములు ఈ పనికై పట్టభద్రులను చేర్చుకొని, రెండు మూడు సంవత్సరములు బోధించి, ఎం.ఏ.కు సమానమగు పట్టములను, అంతకు మించిన డాక్టరు పట్టములను గూడ ఇచ్చుచున్నవి. ఆ చదువులో నేమున్నది? అది యెట్లు పుట్టినది? తెలుగు సంఘములకు దానితో నేమి పని? ఈ మూడు ప్రశ్నలను విచారించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ముందుగా పేరునుగూర్చి ఒక మాట. ఇటీవల కొన్ని సంఘములలో కీబోర్డో గిటారో వాయించుచు పాటలు పాడించువారిని మాత్రమే ఆరాధన నాయకులని పిలుచుచున్నారు. మేము ఆ మాటను విశాలార్థమున గ్రహించుచున్నాము. ప్రార్థన చేయించు కాపరి, దివ్యబలిపూజ నడిపించు గురువు, పాటలు ఎన్నుకొని పాడించు గాయకుడు, కాపరి రాలేని ఊరిలో కుటుంబములను కూర్చి ప్రార్థించు ఉపదేశి, వీరందరును ఆరాధన నాయకులే. జనసమూహముచేత ప్రార్థన చేయించు బాధ్యత ఎవరిపై నుండునో వారందరి చదువును గూర్చియే ఈ విచారణ.

ఇక ఆ చదువు ఏల వలెనో చూతము. క్రైస్తవారాధనకు అతి ప్రాచీనకాలమునుండి ఒక నడక కలదు. ప్రజలు కూడుదురు, వాక్యము విందురు, ప్రభువు బల్లయొద్ద రొట్టెను ద్రాక్షారసమును పంచుకొందురు, లోకములోనికి పంపబడుదురు. ఈ నాలుగు భాగములకును వేరువేరు మనఃస్థితులు గలవు. పాపపు ఒప్పుకోలు ముగియగానే కొంత నిశ్శబ్దము వలెను. ఆ నిశ్శబ్దమును భరింపలేక నాయకుడు వెంటనే వాద్యమును మ్రోగించెనేని, పశ్చాత్తాపపడుచున్నవాని మాట నోటనే నిలిచిపోవును. ఊరిలో చావు జరిగిన వారమున చప్పట్లతో పాడు పాట ఎన్నుకొనుట తగునా? కోత పండుగనాడు ప్రజలు తెచ్చిన ధాన్యమును ఏ ప్రార్థనతో స్వీకరింపవలెను? పంట పోయిన యేట ఆ పండుగను ఎట్లు జరుపవలెను? ఇట్టి ప్రశ్నలకు మంచి కంఠము సమాధానము చెప్పజాలదు.

సంవత్సర చక్రము కూడ ఒక శాస్త్రమే. క్రిస్మసు తేదీ మారదు. ఈస్టరు ప్రతి యేడును మారును. పాశ్చాత్య సంఘముల లెక్క ప్రకారము, మార్చి 21వ తేదీనగాని ఆ పిమ్మటగాని వచ్చు పూర్ణిమ దాటిన తొలి ఆదివారమే ఈస్టరు. ఆ పూర్ణిమను సంఘముయొక్క గణితపట్టికలనుబట్టి నిర్ణయింతురు. పంచాంగము చూచి పండుగలు చేసికొను మన దేశమువారికి ఈ పద్ధతి వింతగా తోచదు. ఈస్టరునుండి వెనుకకు, ఆదివారములు మినహాయించి, నలువది ఉపవాస దినములు లెక్కింతురు. ఈస్టరునే మొదటి దినముగా గొని ముందుకు లెక్కింపగా ఏబదియవ దినమున పెంతెకొస్తు వచ్చును. ఏ కాలమున ఏ పాఠము చదువవలెను, ఏ పాట పాడవలెను, ఏ పాటను ఆపివేయవలెను అను నిర్ణయములన్నియు ఈ చక్రముపై ఆధారపడియున్నవి.

చిరకాలము ఈ విద్య రెండు ముక్కలై యుండెను. కాపరి దైవశాస్త్ర కళాశాలలో చదివెడివాడు. అచ్చట హీబ్రూ, గ్రీకు భాషలు, సంఘచరిత్ర, ప్రసంగకళ నేర్పెడివారు. వాద్యకారుడు సంగీత కళాశాలలో చదివెడివాడు; అచ్చట ఆర్గను వాయించుట, స్వరరచన నేర్పెడివారు. ఆదివారమునాడు వీరిద్దరును ఒకే కప్పు క్రింద పనిచేయవలసినవారే గాని, ఒకరి చదువు మరియొకరికి తెలియదు. కాపరికి పాట, ప్రసంగమునకు ముందు కాలక్షేపము. గాయకునికి ప్రసంగము, రెండు పాటల నడుమ విరామము. ఈ లోపమును గుర్తించి, రెండు విద్యలను ఒకచోట చేర్చిన ప్రయత్నములలో ముఖ్యమైనది న్యూయార్కు నగరమున జరిగెను.

1928వ సంవత్సరమున ఆ నగరమందలి యూనియన్ థియొలాజికల్ సెమినరీలో పవిత్ర సంగీత పాఠశాల స్థాపితమయ్యెను. స్థాపకులు క్లారెన్స్ డికిన్సన్, హెలెన్ డికిన్సన్ అను దంపతులు. ఆయన ప్రసిద్ధ ఆర్గను విద్వాంసుడు. ఆమె జర్మనీలోని హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిన విదుషి. ఒకరు సంగీతమును, ఒకరు చరిత్రను, కళలను ఎరిగినవారు గనుక, ఆ పాఠశాల వారి గృహస్థ జీవనమువలెనే రెండు విద్యల కలయిక యయ్యెను. సంగీత విద్యార్థులు కాపరులు కాబోవు విద్యార్థులున్న ఆవరణలోనే నివసించి, వారితోపాటు ప్రార్థించి, బైబిలును ఆరాధన చరిత్రను చదువుచు సంగీతమునభ్యసించిరి. పవిత్ర సంగీతమున మాస్టరు పట్టము, డాక్టరు పట్టము అచ్చట ఇచ్చెడివారు. దేవాలయములలో పాడించువాడు కేవలము కూలికి వచ్చిన వాద్యకారుడు కాడనియు, సంఘసేవకుడనియు ఆ పాఠశాల నిరూపించెను.

నాలుగు దశాబ్దములకు పైగా నడచిన పిమ్మట, ఆర్థికమైన ఇబ్బందులవలన ఆ పాఠశాల మూతపడవలసి వచ్చెను. కాని ఆ విద్య నశింపలేదు. ఇండియానా రాష్ట్రమందలి కొలంబస్ పట్టణమునకు చెందిన మిల్లరు కుటుంబమువారి ధర్మనిధి సాయముతో, 1973లో ఆ పని న్యూహేవెన్ నగరమందలి యేల్ విశ్వవిద్యాలయమునకు మారెను. న్యూయార్కులో డైరెక్టరుగా నుండిన రాబర్ట్ బేకర్ అను ఆర్గను విద్వాంసుడే ఈ క్రొత్త పవిత్ర సంగీత సంస్థకును మొదటి డైరెక్టరయ్యెను.

యేల్ సంస్థ పనిచేయు తీరు గమనింపదగినది. అది తాను స్వయముగా పట్టముల నీయదు. అందలి విద్యార్థులు కొందరు ఆ విశ్వవిద్యాలయపు సంగీత పాఠశాలలోను, కొందరు దైవశాస్త్ర పాఠశాలలోను చేరియుందురు. ఎవరి పట్టము వారి పాఠశాలనుండియే పొందుదురు. కాని ప్రతివారము అందరును ఒక గోష్ఠిలో కలిసికొనవలెను. ఒక కీర్తన ఏ కాలమున పుట్టినది, ఎవరు పాడిరి, దాని మాటలలోని విశ్వాసమెట్టిది, దాని స్వరము ఆ మాటలకు సాయపడుచున్నదా లేదా అను విషయములను గాయకుడును కాబోవు కాపరియు ఒకే బల్లయొద్ద చర్చింతురు. పాఠశాల ప్రార్థనామందిరమున నేర్చినదానిని అప్పటికప్పుడు ఆచరణలో పెట్టుదురు. మా అభిప్రాయమున ఈ విద్యకు ప్రాణము ఆ గోష్ఠియందే కలదు. ఒకరి అజ్ఞానమును మరియొకరి యెదుట ఒప్పుకొనుట నేర్చినవారు, రేపు సంఘములో కలిసి పనిచేయగలుగుదురు.

కతోలిక సంఘమున ఈ విద్య వేరొక మార్గమున వృద్ధిచెందెను. అమెరికాలో నోటర్ డేమ్ విశ్వవిద్యాలయమున మైకేల్ మాథిస్ అను గురువు 1947లో వేసవి సెలవులలో ఆరాధన శాస్త్రమును బోధింప నారంభించెను. పారిస్ నగరమున 1956లోను, రోమునందలి సాంత్ ఆన్సెల్మొ మఠమున 1961లోను ఉన్నత విద్యాసంస్థలు ఏర్పడెను. పిమ్మట రెండవ వాటికన్ మహాసభ జరిగెను. 1963 డిసెంబరు 4వ తేదీన ప్రకటింపబడిన ఆరాధన శాసనము, ప్రజలు పూర్ణముగను, తెలిసియు, చురుకుగను ఆరాధనలో పాల్గొనవలెనని కోరినది. ఆ పిమ్మట లాటిను భాష స్థానమున దేశభాషలు ప్రవేశించెను. అంతవరకు లాటిను పాఠమును తప్పులేక చదువుట ముఖ్యముగా నేర్చిన గురువులు, ఇప్పుడు ప్రజలవైపు తిరిగి, ప్రజల భాషలో, ప్రజలచేత పలికింపవలసి వచ్చెను. ఇందుకు శిక్షణ లేనిచో మార్పు అక్షరములకే పరిమితమగునని ఎరిగి, ఆ శాసనమే గురువిద్యాలయములలో ఆరాధన శాస్త్రమును తప్పనిసరియైన ప్రధాన పాఠ్యాంశముగా బోధింపవలెననియు, దానిని బోధించువారు ముందుగా ప్రత్యేక విద్యాసంస్థలలో తర్ఫీదు పొందవలెననియు విధించెను. మొదట గురువులకు గురువులను తయారుచేయవలెనని గ్రహించుట ఇందలి వివేకము.

ఉద్యోగము విడిచి రెండేండ్లు దూరదేశమున చదువ గలవారు కొందరే. ఈ చిక్కును తీర్చుటకు రాబర్ట్ వెబ్బర్ అను దైవశాస్త్ర పండితుడు 1990 దశకము చివర ఫ్లారిడాలోని జాక్సన్‌విల్ ప్రాంతమున ఒక ఆరాధన విద్యాసంస్థను స్థాపించెను. ఆయన 2007లో మరణించెను. అచ్చటి విద్యార్థులు తమ సంఘములలో పనిచేయుచునే చదువుదురు. కొద్దిరోజులు మాత్రము సంస్థకు వచ్చి పాఠములు విని, మిగిలిన పఠనమును, వ్రాతపనిని తమ ఊరనే చేయుదురు. నేర్చిన సంగతిని మరుసటి ఆదివారమే తన సంఘమున పరీక్షించి చూచుకొనుటకు ఇందు వీలు కలదు. పాఠశాల దూరమైనను పరీక్షాస్థలము చేరువ.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. పైన చెప్పిన 1963 నాటి శాసనములోనే మరియొక విధి కలదు. కొన్ని దేశములలో ప్రజలకు తమదైన సంగీత సంప్రదాయము గలదనియు, దానికి ఆరాధనలో తగిన స్థానమీయవలెననియు, సువార్త సేవకులకు సంగీతము నేర్పునపుడు ఆ సంప్రదాయమును ప్రోత్సహింపగల శక్తిని వారికి కలిగింపవలెననియు దాని భావము. 1967లో బెంగుళూరున అమలోర్‌పవదాస్ గారి నాయకత్వమున ఏర్పడిన జాతీయ కేంద్రము, భారతీయ రీతులలో ఆరాధనను తీర్చిదిద్దుటకును, అందుకు తగినవారికి తర్ఫీదునిచ్చుటకును పాటుపడినది. తెలుగు క్రైస్తవులలో మాత్రము ఈ పని, శాసనములు రాకమునుపే, పాటరూపమున జరిగియుండెను.

పందొమ్మిదవ శతాబ్దమున పురుషోత్తమ చౌదరి గారు మొదలగు వాగ్గేయకారులు కర్ణాటక రాగతాళములలో క్రైస్తవ కీర్తనలు రచించిరి. పల్లవి, అనుపల్లవి, చరణములతో కూడిన ఆ రచనలు నేటికిని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున ముద్రితమగుచున్నవి. ఆ పుస్తకమున అనేక కీర్తనలకు పైన రాగము పేరును తాళము పేరును అచ్చువేసియుండును. ఆ చిన్న పంక్తిని చదివి, దాని ప్రకారము పాడింపగలవారు నేడెందరు? రాగము పేరు తెలియక, మరియొక పాట బాణీనో, నోటికి వచ్చిన వరుసనో తగిలించి పాడుట పరిపాటి యగుచున్నది. పెద్దలు విని నేర్చిరి గనుక ఇంతవరకు నిలిచినవి. విని నేర్చుకొను అలవాటు తప్పినచో, మాటలు పుస్తకమున మిగిలి స్వరము పోవును. పోయిన స్వరమును ముద్రణాలయము తిరిగి తేజాలదు.

ఈ పనికి తగిన విద్యాలయములు మనకు లేకపోలేదు. బెంగాలులోని సెరంపూరున 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అను మువ్వురు స్థాపించిన కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు పట్టములిచ్చు అధికారము ననుగ్రహించెను. ఆ అధికారమును ఆధారము చేసికొనియే 1918 నాటి చట్టము ప్రకారము ఏర్పడిన సెనేటు నేటికిని దేశమందలి అనేక దైవశాస్త్ర కళాశాలల విద్యార్థులకు బి.డి., ఎం.టి‌హెచ్. మొదలగు పట్టముల నిచ్చుచున్నది. ఆ కేరీ పండితుడే 1814లో తెలుగు భాషకు ఒక వ్యాకరణమును ప్రకటించెను. తెలుగు నాట వేరువేరు సంఘశాఖలు చేయి కలిపి 1964లో రాజమండ్రియందు ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాలను నెలకొల్పినవి. పిమ్మట అది హైదరాబాదునకు తరలెను. ఇట్టి కళాశాలలు పరిశుద్ధ గ్రంథపు మూలభాషలను, సంఘచరిత్రను శ్రద్ధతో బోధించుచున్నవి. మేము అడుగునది యొక్కటే: గ్రీకు క్రియారూపములను నేర్చిన విద్యార్థి తాను పాడింపబోవు కీర్తన రాగమును గూడ నేర్చి బయటికి రావలెను.

దక్షిణ ఇండియా సంఘపు చరిత్ర ఆరాధన విద్యయొక్క ఫలమును చూపుచున్నది. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రెగేషనల్ సంప్రదాయములవారు ఒక సంఘముగా ఏకమైరి. కలిసినవారు ఏ క్రమమున ఆరాధింపవలెను? ఒకరికి పుస్తకము చూచి ప్రార్థించుట అలవాటు. ఒకరికి పుస్తకము లేక ప్రార్థించుట అలవాటు. ప్రాచీన ఆరాధనలను చదివిన పండితులు కూర్చుండి 1950లో ప్రభురాత్రి భోజనమునకు ఒక నూతన క్రమమును సమకూర్చిరి. అందు సమాధానమును చేతినుండి చేతికి అందించుకొను ఆచారమును కేరళ సిరియను సంప్రదాయమునుండి గ్రహించిరి. కులము పేరిట దూరముగా నిలువబడిన జనులున్న దేశమున, పక్కవాని చేతిని చేతులలోనికి తీసికొనుట చిన్న విషయము కాదు. నేర్చిన నాయకుడు దాని నెరిగి చేయించును; నేర్వనివాడు దానిని ఒక కవాతుగా మార్చును. అచ్చున ఉన్నది ఒక్కటే, జరుగునది వేరు.

పెద్ద పట్టములు లేని నాయకులకు శిక్షణ నిచ్చిన ఉదాహరణము దోర్నకలులో కలదు. 1912లో బిషప్పుగా అభిషేకము పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైనను తెలుగు నేర్చి, 1945లో మరణించువరకు ఈ ప్రాంతముననే సేవచేసెను. గ్రామములలో పగలు బడి నడిపి సాయంకాలము ప్రార్థన నడిపించు ఉపాధ్యాయులే ఆనాడు సంఘమునకు ఆధారము. వారికి తర్ఫీదు నిచ్చునపుడు భార్యలకు గూడ చదువు చెప్పించుట అచ్చటి పద్ధతి. ఆరాధన ఇంటినుండి మొదలగుననియు, స్త్రీలు నేర్వని పాట ఊరికి రాదనియు వారు గుర్తించిరి. 1939లో ప్రతిష్ఠితమైన దోర్నకలు మహాదేవాలయము భారతీయ శిల్పరీతులను కలుపుకొని నిర్మితమగుట ఈ దృష్టికి తగియే యున్నది.

దీనినిబట్టి ఉన్నత విద్యయొక్క ప్రయోజనమెక్కడ నున్నదో తెలియును. ఒక కాపరి క్రింద అయిదారు గ్రామములున్నపుడు, ఆయన ప్రతి ఊరికిని ప్రతి ఆదివారమును పోలేడు. ఆయన లేనినాడు ఆ ఊరి రైతో, కూలియో, అంగన్‌వాడీలో పనిచేయు స్త్రీయో లేచి ప్రార్థన నడిపించును. కాపరి పట్టము వీరికి ఉపయోగపడనిచో అది గోడకు వ్రేలాడు పటమే. పవిత్ర సంగీతమునందో, ఆరాధన శాస్త్రమునందో ఉన్నత పట్టము పొందినవాడు తాను నడిపించిన ఆరాధనలచేత కాక, తాను తయారుచేసిన నాయకులచేత కొలువబడవలెనని మేము తలంచుచున్నాము.

వేరొక జాగ్రత్త కూడ వలెను. చదివినవాడు వచ్చునప్పటికి గ్రామమున ఏమియు లేదని భావింపరాదు. అక్షరము రాకున్నను డెబ్బది కీర్తనలు కంఠస్థముగా నెరిగిన ముదుసలి ఒకతె అనేక సంఘములలో నుండును. ఎవరింట చావు జరిగినను ఏ పాట నెత్తుకొనవలెనో ఆమెకు తెలియును. క్రొత్త నాయకుడు వచ్చి, క్రొత్త పాటలను తెరమీద వేసి, వాద్యముల ధ్వని పెంచగా, ఆమె నోరు మూతపడును. ఆమె చదువలేదు గదా! అంతవరకు సంఘమున పాడినది ఆమె; ఇప్పుడు వినుట మాత్రమే ఆమె వంతు. ప్రజలు చురుకుగా పాల్గొనవలెనని మహాసభలు చెప్పిన మాట ఆ మూలన కూర్చున్న ఆమె విషయమున నెరవేరనిచో, మరెక్కడ నెరవేరినను లోపమే. క్రొత్త పాటలు రాకూడదని మేము అనుటలేదు. చౌదరి గారి కీర్తనలును ఒకనాడు క్రొత్తవే. అయితే నాయకుడు మొదట ఆమెయొద్ద శిష్యుడై కూర్చుండి, ఆమె పాటలను స్వరపరచి వ్రాసికొని, పిమ్మట తన పాట నేర్పవలెను.

కావున మన కళాశాలల పాఠ్యక్రమమున కొన్ని పనులు వెంటనే చేయదగినవి. దైవశాస్త్ర విద్యార్థులకు కర్ణాటక సంగీతపు ప్రాథమిక పాఠములు, కనీసము కీర్తనల పుస్తకమున పేర్కొన్న ముఖ్య రాగతాళములను గుర్తింపగల జ్ఞానము తప్పనిసరి కావలెను. పాడించువారికి ఆరాధన చరిత్రయు, పండుగల క్రమమును నేర్పవలెను. ఈ రెండు తెగలవారును వారమున కొకసారి కలిసి చర్చించు ఏర్పాటుండవలెను. అందుకు క్రొత్త భవనము అక్కరలేదు, ఒక గదియు ఒక గంటయు చాలును. పనిచేయుచున్న కాపరులకు, ఉపదేశులకు, సంఘస్త్రీలకు పొలము పనులు లేని దినములలో పదిరోజుల శిక్షణ తరగతులు పెట్టవలెను. ఆ తరగతులలో బోధన తెలుగున జరుగవలెను. ఏలయన వారు ప్రార్థించునది తెలుగున.

ఇక ప్రతి ఉన్నత విద్యార్థియు పట్టము పొందుటకు ముందు ఒక గ్రామమును ఎన్నుకొని, అచ్చటి వృద్ధులు పాడు కీర్తనల వరుసలను స్వరలిపిలో వ్రాసి, వారి కంఠములను యంత్రముపై పట్టి, కళాశాలకు సమర్పింపవలెనను నియమము చేయదగును. జేబులోని ఫోనే నేడు ఈ పనికి చాలును. పదిమంది విద్యార్థులు పది ఊళ్లు తిరిగినచో ఒక్క సంవత్సరమున కొన్ని వందల వరుసలు భద్రమగును. పాడువారిలో చాలమంది వయసు మీరినవారు. ఈ పనిని వచ్చు కోత పండుగకు ముందే ఆరంభించుట మేలు.